మా హాల్లో సముద్రం

నమోదు 1

తొట్టి వచ్చింది. వచ్చిన రోజు నుంచి జరిగిందంతా రాసి పంపాలని సముద్ర శాఖ ఆదేశం. సరే, రాస్తున్నాను; నమోదు పక్కన అంకె, తొట్టి వచ్చి ఎన్నో రోజో ఆ లెక్క. అక్కడ చదివేవాళ్ళున్నారో లేదో నాకు తెలియదు.

నలుగురు మనుషులు మోసుకొచ్చారు. ఒక తొట్టి, దాని కింద ఇంకో తొట్టి, పంపు, నురగ తీసే యంత్రం, నీలం లైటు, బస్తాడు ఉప్పు, కన్నాలు పడ్డ రాళ్ళు. సోఫా బాల్కనీలోకి వెళ్ళిపోయింది. ఇకమీదట ఈ ఇంటికి చుట్టాలొస్తే నిలబడే టీ తాగాలి. లైటు వేస్తే అన్నం కూడా నీలంగా కనిపిస్తోంది. పప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు.

దరఖాస్తు పెట్టింది నేను కాదు, మా మావగారు గరికిన పోలయ్య. తీరం పొడవునా గోడ కట్టకముందు, అంటే నేను కోడలిగా రాకముందు, ఆయన చేపల వేటకి వెళ్ళేవారు. గోడ కట్టాక పేట మొత్తాన్నీ కొండ మీది టవర్లలోకి ఎక్కించారు, సముద్రాన్ని పగడాలకి వదిలేశారు. శాఖ ఇచ్చే పగడపు పిలకని ఇంట్లో పెంచి, అరచేయంత చేస్తే, ఆ ఇంటివాళ్ళు ఇద్దరిని గోడ దాటించి వాళ్ళ చేతులతోనే నీళ్ళలో నాటిస్తారు. మామూలు మనిషి గోడ దాటడానికి ఇప్పుడున్న దారి అదొక్కటే. మావగారికి కావలసింది పగడం కాదు, ఆ దారి. డెబ్భై దాటాయి, మెట్లెక్కితే ఆయాసం. చచ్చేలోపు ఒక్కసారి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడాలట.

నేనా? మాది సముద్రానికి దూరంగా ఉన్న సాలూరు. రోప్‌వే నడుపుతాను. సముద్రాన్ని రోజూ చూస్తాను, పెట్టె అద్దంలోంచి, గోడ అవతల, బూడిద రంగు గీతలాగా.

నమోదు 5

నీళ్ళు కలిపి, రాళ్ళు పేర్చి, పంపు వేశాం. పిలక ఇంకా ఇవ్వరట. ముందు నీళ్ళు పదునెక్కాలట. రాళ్ళ మీద కంటికి కనపడని జీవాలేవో పుట్టి, మురికిని తిని, నీటిని బాగుచేసేదాకా ఆగాలి. కాబట్టి ప్రస్తుతం మేము హాల్లో ఉప్పునీళ్ళు పెంచుతున్నాం.

మావగారు తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు.

"ఉప్పు సాల్లేదమ్మీ."

"మీటరు సరిగ్గా ఉందని చూపిస్తోంది మావయ్యా."

"మీటరు ఏ రోజైనా ఏటకెల్లిందేటి?"

మీటరు వేటకి వెళ్ళలేదు, నిజమే.

నమోదు 14

రాళ్ళ నిండా గోధుమరంగు జిగురు పట్టింది. శాఖకి ఫోన్ చేస్తే "అది మంచి లక్షణమే" అన్నారు. మా ఆయన నూకరాజుకి ఫోన్ చేశాను. ఆయన గోడ మరమ్మతు పనిలో ఉంటాడు, నెలకోసారి ఇంటికొస్తాడు. "జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. ఎవర్ని అని అడిగాను. "ఇద్దర్నీ" అన్నాడు. పెళ్ళయిన కొత్తల్లో ఈయన మాట తీరు నాకు తెగ నచ్చేది.

నమోదు 22

పిలక వచ్చింది. చిటికెన వేలి గోరంత ఉంది, ఊదా రంగులో, సిమెంటు బిళ్ళకి అతికించి. దానితోపాటు నాచు తినడానికి పది నత్తలు, ఊడ్చిపెట్టడానికి ఎర్ర చారల రొయ్య ఒకటి. ఇంతమంది పనివాళ్ళు నాకు లేరు.

మావగారు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, తొట్టి ముందు చేతులు కట్టుకు నిలబడ్డారు. తరువాత నన్ను పిలిచి, "దీనికి సలేత్తదేటి?" అని అడిగారు. పిలకకి సరిపడా వేడి చేసే కడ్డీ తొట్టిలోనే ఉందని చెప్పాను. తృప్తిపడ్డట్టు కనిపించలేదు.

పనులు పంచుకున్నాం. మందులు కొలిచి వెయ్యడం, నురగ డబ్బా కడగడం, వారానికోసారి కొంత నీరు తీసేసి కొత్త ఉప్పునీళ్ళు పొయ్యడం నావి. ఆ డబ్బా కంపు రాయడానికి మాటలు చాలవు. రోజూ తగ్గిన నీళ్ళు నింపడం మావగారిది. తొట్టిలోంచి ఆవిరయ్యేది నీళ్ళే గాని ఉప్పు కాదు. అందుకని తగ్గినంత మేరా ఉప్పు లేని మంచినీళ్ళు పోస్తూ ఉండాలి. శాఖ వడపోత గొట్టం, ప్లాస్టిక్ క్యాను ఇచ్చింది. సులువైన పని, పెద్దాయన చేయగలిగిన పని, తప్పు జరగడానికి వీల్లేని పని అని నేనే అప్పగించాను.

నమోదు 97

రాయడం మానేశానని శాఖ నుంచి మందలింపు వచ్చింది. మానెయ్యలేదు, రాయడానికేం లేదు. అంతా బాగుంది. పిలక బొటనవేలు దాటింది, కొమ్మలేసింది. దాని ఒంటి నిండా నూగులాగా చిన్న చిన్న చేతులు తెరుచుకుని నీళ్ళలో ఊగుతున్నాయి. బాగుందని ఒప్పుకుంటున్నాను. రోప్‌వే డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విడవకముందే అటు చూస్తున్నాను. ఈ మాట మావగారికి చెప్పలేదు.

నమోదు 131

సమస్య మొదలైంది. సమస్య పేరు బంగారమ్మ.

మూడో అంతస్తులో ఉంటుంది. మావగారి ఈడుది, పాత పేట మనిషి. పసుపు కుంకుమలు పట్టుకుని తిన్నగా తొట్టి దగ్గరికి వచ్చింది. మనవరాలికి నెలలు నిండాయట, గంగమ్మకి మొక్కుకోవాలట.

"ఇది పగడాల తొట్టి పిన్నీ, గంగమ్మ కాదు" అన్నాను.

"ఉప్పు నీరేనా?"

"ఉప్పు నీరే."

"అల కదుల్తందా?"

పంపు తిప్పుతోంది కాబట్టి కదులుతోంది. ఒప్పుకోక తప్పలేదు.

"మరింకేటి? గోడెక్కి మొక్కమంటావా నన్ను?"

చిటికెడు పసుపు నీళ్ళలో పడనే పడింది. నేను మగ్గుతో పసుపు తోడుతుంటే మావగారు నన్నే తప్పు పట్టినట్టు చూశారు.

నమోదు 138

ఒకరితో ఆగుతుందా? టవరంతా తెలిసిపోయింది. పెళ్ళివారొకరు వచ్చి వెళ్ళారు. ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయి గాజు మీద చెయ్యి ఆనించి దండం పెట్టుకుంది. కొత్త స్కూటరు కొన్న కుర్రాడు తాళాలు తొట్టికి చూపించి వెళ్ళాడు. నేను డ్యూటీలో ఉండగా కొబ్బరికాయ కూడా కొట్టారు, పీచు పంపుకి చుట్టుకుంది. మావగారికి మాత్రం వయసు ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టుంది. వచ్చినవాళ్ళందరికీ పిలకని చూపించి, ఇంకో రెండు వేళ్ళ మందం పెరిగితే అరచెయ్యి అవుతుందని లెక్క చెబుతున్నారు.

నమోదు 146

నత్తలు రెండు చచ్చాయి. అడుగున వెల్లకిలా పడున్నాయి.

నీటిని పరీక్షించాను. ఉప్పు సరిగ్గా ఉంది. సున్నం సరిగ్గా ఉంది. మురికి కొంచెం కూడా లేదు. శాఖ ఇచ్చిన పెట్టెలో ఎన్ని సీసాలున్నాయో అన్నిటితోనూ చూశాను. కాగితం ప్రకారం నా నీళ్ళు బ్రహ్మాండం. నత్తలకి ఆ కాగితం చదవడం రాదు కాబోలు.

ఇది పసుపు పనే. ఇంకేముంటుంది?

నమోదు 149

తలుపుకి బోర్డు కట్టాను: "మొక్కులు నిలిపివేయడమైనది". బంగారమ్మ బోర్డు చదివి, గడప అవతలే నిలబడి నన్ను కడిగేసింది.

"సాలూరు నుంచొచ్చినదానివి, నీకేటి తెలుసే గంగమ్మ! మా తాతలు పసుపు ఎయ్యకుండా ఏ రోజైనా పడవ దింపినారా? అప్పుడు సావని సేప ఇప్పుడు సచ్చిందా నా పసుపుకి?"

"అది సముద్రం పిన్నీ. ఇది తొట్టి. నాలుగు బిందెల నీళ్ళు."

"అయితే నాలుగు బిందెల మనసే నీది!"

మావగారు మధ్యాహ్నం అన్నం తినలేదు. నాకేం సరదానా? పిలకని చంపుకోకూడదనే కదా నా బాధ. అది పోతే ఈయన గోడ దాటేదెప్పుడు? మళ్ళీ పిలక దొరకడానికి ఏళ్ళు పడుతుంది. ఆయనకి అన్నేళ్ళున్నాయని ఎవరైనా రాసిస్తారా?

నమోదు 153

పసుపు లేదు, కొబ్బరి లేదు, మొక్కులు లేవు. రొయ్య చచ్చింది. పిలక చేతులు ముడుచుకుంది. నూగంతా లోపలికి పోయి, కొమ్మలు బోడిగా కనిపిస్తున్నాయి.

సగం నీళ్ళు మార్చాను. ఉప్పు కలపడానికి మంచినీళ్ళు మావగారే సిద్ధం చేసి పెట్టారు, పాపం, ఆయాసపడుతూనే.

నమోదు 155

నీళ్ళు మార్చాక ఇంకా పాడైంది. కొమ్మల మొదలు తెల్లబడుతోంది. మళ్ళీ మార్చాను. మార్చినకొద్దీ తెల్లబడుతోంది. ఇదెక్కడి న్యాయం? మురికి తీస్తే జబ్బు చేసే ప్రాణిని నేనెక్కడా చూడలేదు.

శాఖకి ఫోన్ చేస్తే, "ఇంట్లో రాగి పైపులు గాని, రాగి తీగలు గాని తొట్టి నీటికి తగులుతున్నాయా?" అని అడిగారు. రాగి సోకితే నత్త, రొయ్య, పగడం బతకవట. టార్చి పట్టుకుని ఇంట్లో ప్రతి గొట్టమూ చూశాను. అన్నీ ప్లాస్టిక్కే. అదే చెప్పాను. "అయితే ఇంకేదో అయ్యుంటుంది, రాస్తూ ఉండండి" అన్నారు. రాస్తూనే ఉన్నాను.

నమోదు 157

రోప్‌వే తాడు మరమ్మతని తొందరగా పంపేశారు. తలుపు తీసేసరికి మావగారు వంటింట్లో నేల మీద కూర్చుని, చింతపండుతో బిందె తోముతున్నారు. అత్తగారు ఉన్నప్పటి రాగి బిందె. తళతళా మెరుస్తోంది. కడిగి, వడపోత నీళ్ళు పట్టి, మూత పెట్టారు. పక్కన నిన్న పట్టిన నీళ్ళతో చెంబు ఉంది, అదీ రాగిదే. దాన్ని రెండు చేతులతో పట్టుకుని తొట్టి దగ్గరికి నడిచారు. నేను వెనక ఉన్నానని చూడలేదు.

"తాగమ్మా, తాగు. అరుగుతాది. సల్లగుంటాది" అంటూ సన్నని ధారగా పోశారు.

ధార ఆగేదాకా ఆగి, అప్పుడు చెప్పులు విడిచాను.

తరువాత ఏమీ ఎరగనట్టు అడిగాను, ఆ నీళ్ళెందుకు బిందెలో పడుతున్నారని. ఎండలు ముదిరాక క్యానులో నీళ్ళు ప్లాస్టిక్ వాసనేస్తున్నాయట. మనుషులం మనమే రాగి బిందెలో రాత్రంతా ఉంచిన నీళ్ళు ఆరోగ్యమని తాగుతాం కదా, అమ్మకి ప్లాస్టిక్ నీళ్ళు పోస్తామా అన్నారు. ఎప్పట్నుంచి? మొక్కులు మొదలైనప్పటి నుంచీ. నీళ్ళు మార్చినప్పుడల్లా బిందెలు బిందెలు ఆయనే పట్టి ఇచ్చారు. నేను ఉప్పు కలిపి పోశాను.

పైపులు చూశాను. తీగలు చూశాను. మంచినీళ్ళ బిందె వైపు ఎవరు చూస్తారు? ఈ ఊళ్ళో రాగి బిందె లేని ఇల్లేది?

అరుద్దామని నోరు తెరిచాను. ఆయన తువ్వాలుతో చెంబు తుడుస్తున్నారు, ఎంతో జాగ్రత్తగా. బిందే చెంబూ తీసి, ఎవరో వ్రతానికి అడిగారని అబద్ధమాడి, మంచం కింద దాచాను. క్యాను నీళ్ళతో తొట్టి మొత్తం మార్చాను.

నమోదు 160

ఆలస్యమైపోయింది. పిలక అడుగు నుంచి కొస దాకా తెల్లగా ఉంది. ఎముక రంగు. అరచేయికి ఒక వేలు తక్కువ.

మావగారు "ఎల్లుండికి కోలుకుంటాది" అంటున్నారు. అవునన్నాను.

నమోదు 161

తనిఖీకి మృదుల అనే అమ్మాయి వచ్చింది. శాఖ అంటే నేను ఊహించుకున్న మనిషి కాదు. ముప్ఫై ఏళ్ళుంటాయి, కళ్ళ కింద నలుపు, చేతి నిండా తొట్లలో రాళ్ళు గీరిన గీతలు. పిలకని చూడగానే సంచి కింద పెట్టి, "అయ్యో" అంది. ఆ ఒక్క మాటతో శాఖ మీద దాచుకున్న కోపమంతా నీరుగారిపోయింది. అదీ నాకు చిరాకే.

తన దగ్గరున్న ఇంకో రకం సీసాతో పరీక్షించింది. నీళ్ళు నీలంగా మారాయి; తొట్టి మొత్తం మార్చినా రాళ్ళకి పట్టింది వదల్లేదన్నమాట.

"రాగి. ఎలా వచ్చిందండీ?"

"పాత టవరు కదా. పైపుల్లోంచే అయ్యుంటుంది" అన్నాను.

మావగారు బాల్కనీలోంచి లోపలికి వచ్చారు. "రాగంటే ఏ రాగమ్మా? బిందె రాగైనా అంతేనా?"

నేను మృదులకి కనుసైగ చేశాను. ఆ పిల్లకి అర్థం కాలేదు.

"ఏ రాగైనా అంతే తాతగారూ. మనకి మంచిదే, దానికి విషం."

మావగారు తొట్టి వైపు చూశారు. నా వైపు చూశారు. వ్రతానికి వెళ్ళి ఇంకా తిరిగిరాని బిందె సంగతి ఆయనకి ఎంతసేపట్లో తెలిసిందో నేను కళ్ళారా చూశాను.

"నానే పోసినాను. పైపులు కాదు. రాసుకో అమ్మా" అన్నారు.

మృదుల రాసుకోలేదు, పెన్ను జేబులో పెట్టేసింది. చచ్చిన పగడాన్ని చెత్తలో వెయ్యకూడదట. రాయిగా మిగిలిన దాన్ని సముద్రంలో పెడితే దాని మీద ఇంకో పిలక నాటుతారట. పెంచినవాళ్ళే తెచ్చి పెట్టాలి, ఎల్లుండి ఉదయం బండి వస్తుంది అంది.

"ఇది ముందే చెప్పరేం?" అన్నాను.

"చచ్చిపోతే ఏం చెయ్యాలో ముందే చెబితే ఎవరైనా పెంచుతారాండీ?"

నమోదు 162

మావగారు రానంటున్నారు.

నమ్మండి. ఇన్నాళ్ళూ నా హాలు, నా సోఫా, నా నిద్ర, అన్నీ ఏ గోడ దాటడం కోసం పోయాయో, ఆ గోడ తలుపు తెరిచి రమ్మంటే రానంటున్నారు. మంచం మీద ఇంటిగోడ వైపు తిరిగి పడుకున్నారు. అన్నం లేదు, నీళ్ళు లేవు. నూకరాజు ఫోన్ చేస్తే తియ్యలేదు. చివరికి బంగారమ్మ దగ్గరికి వెళ్ళాను. పసుపు కాదు పిన్నీ, తప్పుగా అన్నాను అని ఒప్పుకున్నాను. "తెలుసునే" అంటూ కొంగు దోపుకుని నాతో వచ్చింది. ఆవిడ మాటా వినలేదు.

"బిడ్డని సంపి, పీనుగుని సేతిలో ఎట్టుకుని తల్లికాడికి ఏ మొకం ఎట్టుకుని ఎల్తాను?" అన్నారు గోడతోనే.

బంగారమ్మ కళ్ళొత్తుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. గట్టిగానే అరిచాను, కింద అంతస్తు వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

"మీరు రాకపోతే నేనొక్కదాన్నీ వెళ్ళి ఏం చెప్పను మావయ్యా? మీకు తల్లి. నాకెవరావిడ? నేను కాలైనా పెట్టలేదు ఆ నీళ్ళలో. అల వస్తే ఎటు తిరగాలో తెలీదు, ఏమని పలకరించాలో తెలీదు. ఆ రాయిని నా చేతికిచ్చి, ముక్కూ ముఖం తెలియని దాని దగ్గరికి నన్ను ఒంటరిగా పంపుతారా?"

ఆయన ఇటు తిరిగారు.

"అలొచ్చినప్పుడు ఎదురుగా నిలబడకూడదు. పక్కకి తిరగాల" అన్నారు.

"అయితే వచ్చి చూపించండి."

నమోదు 163

వెళ్ళాం.

గోడలో ఇనుప తలుపు. అవతల ఇసుక, వేడి, ఆ చప్పుడు. రోప్‌వేలోంచి చప్పుడు వినపడదు. ఇంత మోత ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఇంత పెద్దదని కూడా. నేను రోజూ మీటరు ముంచి తిట్టుకుంది దీన్నేనా అనిపించింది. మృదుల ఒడ్డున ఆగిపోయింది.

మావగారు పంచె ఎగగట్టి, రాయిని గుండెకి ఆనించుకుని దిగారు. నేను ఆయన భుజం పట్టుకుని దిగాను. పక్కకి తిరిగే నిలబడ్డాను. అయినా రెండో అలకే చీర నడుం దాకా తడిసింది.

మోకాళ్ళ లోతులో ఆగారు. దండం పెడతారనుకున్నాను. పెట్టలేదు. ఎదుటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు.

"అమ్మా, నానే పోలయ్యని. నీ బిడ్డని నానే సంపీసినాను. తెలీక సేసినాను గానీ సేసింది నానే. నా కోడలు పాపం రెక్కలు ముక్కలు సేసుకున్నాది. దాని తప్పేటీ నేదు. దాన్ని మాత్రం ఏటీ అనకు."

ఈ ఇంట్లో కాలు పెట్టి పన్నెండేళ్ళు. కూర బాగుందని ఒక్కనాడు అనని మనిషి. నన్ను అక్కడ, నా ఎదుటే, తన తల్లికి అప్పగించి చెబుతున్నారు. సముద్రం నన్నేమంటుంది మావయ్యా, ఆఫీసువాళ్ళు అంటారు గాని అని ఎగతాళి చేద్దామనుకున్నాను. మాట రాలేదు. ఏడ్చాను. నీళ్ళు ఎలాగూ ముఖం మీద పడుతున్నాయి కాబట్టి ఫరవాలేదు.

ఆయన వంగి రాయిని ఇసుకలో దింపారు. లేవడానికి నా చెయ్యి పట్టుకున్నారు.

"శాఖవాళ్ళు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు" అన్నాను.

"నువ్వు ఎట్టుకో. నాను తొట్టిని ముట్టను. ఈ సేతుల్తో ఇంక ముట్టను."

అప్పుడొచ్చింది నాకు గొంతు. సముద్రం మోతని మించి వచ్చింది.

"ముట్టకపోతే నీళ్ళెవరు పోస్తారు? నాకు డ్యూటీ లేదా? మీ అబ్బాయి నెలకోసారి వస్తాడు, ఆయన పోస్తాడా? రోజూ తగ్గుతాయి, రోజూ పొయ్యాలి. నావల్ల కాదు మావయ్యా, చెబుతున్నాను. మీరే పొయ్యాలి."

ఆయన నా ముఖంలోకి చూశారు.

"క్యానుతోనే పోత్తాను" అన్నారు.

"ఆ, క్యానుతోనే" అన్నాను.